చూసినంతే చెప్పిన మనిషి

ఆమె జీవితంలో ఎన్నడూ గడప దాటలేదట.

మొన్న కోరుట్లలో, ఒక ఫంక్షన్ హాల్లో, ఆమె సంతాప సభలో మైకు పట్టుకొని ఒక పెద్దమనిషి అన్న మాట ఇది. "అటువంటి పరదా, అటువంటి హయా ఈ కాలపు ఆడపిల్లలు నేర్చుకోవాలి" అని కూడా అన్నాడు. హయా అంటే సిగ్గు, మర్యాద. ఆడవాళ్లందరం ఒక పచ్చటి తెర వెనక కూర్చున్నాం. నేను లేచి నిలబడి, "అబద్ధం!" అని గట్టిగా అన్నాను. తెరకు అటువైపు మాట ఆగింది. తర్వాత, "వెనక ఉన్న బెహన్లు కొంచెం నిశ్శబ్దంగా ఉండాలి" అంటూ మైకు మళ్లీ మొదలైంది. పక్కనున్న ఆవిడ నా కొంగు పట్టి కిందికి లాగింది. నేను కూర్చోలేదు. చెప్పులు వేసుకొని బయటికి వచ్చేశాను. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. కోపం చల్లారాక రాస్తే వాళ్లకు నచ్చేటట్టు రాస్తానేమోనని భయం.

ఆమె మా వీధి ఆడపిల్లలకు ఖురాన్ చదవడం నేర్పిన పంతులమ్మ. మేము ఉస్తానీ మా అనేవాళ్లం. ఇప్పుడు కొత్తగా కట్టిన బడిలో ఒక హాలుకు ఆమె పేరు పెడుతున్నారు. పాలరాతి మీద చెక్కిస్తున్నారు. అందుకే ఆ పేరు నేనిక్కడ రాయను. ఆమె ఎక్కడ పుట్టింది, ఎవరిని చేసుకుంది, ఎప్పుడు ఒంటరిదైంది, ఎంతమందికి చదువు చెప్పింది, అన్నీ ఆ సభలో చదివారు. అందులో ఒక్క తప్పు లేదు. మనిషే లేదు.

ఆమెను తలచుకుంటే నాకు మొదట వినిపించేది కత్తెర చప్పుడు. మా వీధిలో ఆడవాళ్లందరిలాగే ఆమె కూడా బీడీలు చేసేది. ఒళ్లో చేట, చేటలో తంబాకు. ఆకు కత్తిరిస్తూ, చుడుతూ, దారం కడుతూ మా సబక్ వినేది. సబక్ అంటే ఆనాటి పాఠం. పుస్తకం వైపు చూసేదే కాదు. ఎవరైనా ఒక అక్షరం తప్పు పలికితే కత్తెరతో చేట అంచు మీద టక్కున కొట్టేది. మళ్లీ మొదటి నుంచి చదవాలి. ఆ చప్పుడుకు మాకు భయం లేదు. ఆమె కత్తెర కింద పెడితేనే భయం. ఎవరినైనా వెక్కిరించినా, అబద్ధమాడినా, చాడీ చెప్పినా కత్తెర కింద పెట్టేసేది. ఇక ఆరోజు సబక్ నడవదు. తిట్టదు, కొట్టదు. చేతులు ఒళ్లో పెట్టుకొని మా వంక చూస్తూ కూర్చుంటుంది. చేసిన పిల్ల ఏడ్చి, ఒప్పుకొని, ఎవరిని బాధపెట్టిందో వాళ్ల దగ్గరికి పోయి వచ్చేదాకా అంతే.

"నోట్లె ఉన్నది తాలీమ్, చేతల్ల ఉన్నది తర్బియత్" అనేది. మొదటిది చదువు, రెండోది నడవడి. "మొదటిది చిలుకకు గూడ అస్తది బిడ్డా."

ఒక ఎండాకాలం, వీధులు ఊడ్చే ముసలామె వచ్చి మంచినీళ్లు అడిగింది. మా పక్కన కూర్చున్న ఒక పెద్దింటి పిల్ల దుపట్టాతో ముక్కు మూసుకుంది. కత్తెర కిందికి పోయింది.

"లెవ్వు బిడ్డా. ఆ అమ్మకు నీళ్లు నువ్వు పొయ్యి" అంది ఉస్తానీ మా.

ఆ పిల్ల లేవలేదు. ఏడ్చుకుంటూ ఇంటికి పోయింది. సాయంత్రం వాళ్ల నాన్న వచ్చి గుమ్మం తెర బయట నిలబడి అరిచాడు.

"మా పోరితోటి ఊడ్సెటామెకు నీళ్లు పోయిస్తవా నువ్వు? సదువు చెప్పుమంటె చాకిరి చేపిస్తున్నవా?"

తెర లోపలి నుంచి ఆమె నెమ్మదిగా అంది: "నీ బిడ్డకు నోరు తిరుగుడొక్కటే గావాల్నంటె నా దగ్గరికి తోలకు భాయ్. రేడియో వెట్టి ఇనిపియ్యి. నా కన్న మంచిగ సదువుతది."

అతను కొన్నాళ్లు పిల్లను మానిపించాడు, మళ్లీ పంపాడు. పంపక ఏం చేస్తాడు? ఆమె దగ్గర చదివిన పిల్ల అంటే నలుగురిలో ఒక పేరుండేది. ఆ పిల్ల వచ్చిన మొదటి రోజు వీధి చివరిదాకా పోయి, ముసలామెకు నీళ్లిచ్చి వచ్చి కూర్చుంది. కత్తెర మళ్లీ ఆడింది.

ఇప్పటి సంగతి కూడా చెబుతాను. మా చెల్లెలి మనవరాలు ఆ కొత్త బడిలోనే చదువుతోంది. ముందు మంచే చెప్పుకోవాలి. గదుల్లో ఫ్యాన్లున్నాయి. ఆడపిల్లలకు బస్సుంది. ఇంగ్లీషు, లెక్కలు, ఖురాన్ ఒకే కప్పు కింద చెబుతారు. మాకు అవేవీ లేవు, పిల్లలకు అవి ఉండాల్సిందే. అక్కడ అఖ్లాఖ్ అని ఒక సబ్జెక్టు కూడా ఉంది. అఖ్లాఖ్ అంటే మంచి గుణాలు. దానికి పుస్తకముంది, పరీక్ష ఉంది, మార్కులున్నాయి. ఒకరోజు ఆ పిల్ల మా ఇంట్లో కూర్చొని, నిజం పలకడం వల్ల కలిగే లాభాలన్నీ ఊగుతూ గడగడా అప్పజెప్పింది. తర్వాత సర్వపిండి తింటూ ముచ్చట పెట్టింది.

"ఇయ్యాల మా స్కూల్‌కు ఇన్‌స్పెక్షన్ అచ్చింది నానీ. లైబ్రరీ ఉందా అని అడిగిండ్రు. ఉందని చెప్పినం."

"ఉందా?"

"లేదు. తాళం ఏసిన రూముంది, అండ్ల కుర్చీలుంటయి. గదే లైబ్రరీ అని చెప్పుమన్నరు."

"ఎవలన్నరే?"

"అఖ్లాఖ్ టీచరే."

పిల్ల ముఖంలో ఏ అనుమానమూ లేదు. నన్ను కాల్చింది అదే. కొంచెం తడబడి ఉంటే సంతోషించేదాన్ని. నేను ఉద్యోగమంతా సర్కారు బడుల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. అక్కడా నీతిపద్యాలు బట్టీ పట్టించి మార్కులు వేశాం, కాబట్టి ఇది ఒక్క మతం వాళ్ల రోగమని అనను. కానీ దేవుడి పేరు మీద నడిపే బడి ఇది. దేవుడు అన్నీ చూస్తున్నాడని పొద్దున చెప్పి, మధ్యాహ్నం పిల్లల చేత అబద్ధమాడిస్తే వాళ్లకు ఒంటబట్టేది ఒకటే. దేవుడు కూడా ఇన్‌స్పెక్షన్‌కు వచ్చే మనిషే, ఆయనకూ ఏదో ఒకటి చెప్పి పంపవచ్చు.

ఇక ఆ గడప సంగతి.

అవి అన్నల రోజులు, నక్సలైట్లను అట్లా అనేవాళ్లం. గోడల మీద ఎర్ర అక్షరాలు తెల్లారేసరికి వచ్చేవి, పొద్దెక్కేసరికి వాటి మీద సున్నం పడేది. పోలీసులు బస్సులు ఆపి వయసు పిల్లల్ని దింపి ఎండలో నిలబెట్టేవారు. వాళ్లకు అన్నం పెట్టామని వీళ్లు కొట్టేవారు, వీళ్లతో మాట్లాడామని వాళ్లు కొట్టేవారు. ఏం చూశావని ఎవరడిగినా ఏమీ చూడలేదనడమే మా అందరికీ వచ్చిన చదువు.

ఉస్తానీ మా ఇంటికి గోడ అవతల లచ్చవ్వ ఉండేది. పద్మశాలీలు. మధ్యలో గోడ ఉన్నా, ఇద్దరి బీడీల చేటలూ ఉస్తానీ మా అరుగు మీదే ఉండేవి. ఒకరి ఆకు మరొకరు కత్తిరించేవారు. లచ్చవ్వకు ఒక్కడే కొడుకు, రాజేశం. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. అక్కడ కూలి పెంచమని సమ్మె చేస్తే ముందు నిలబడ్డాడని విన్నాం. అంతకు మించి ఏమైనా చేశాడో లేదో మా వీధిలో ఎవరికీ తెలియదు.

తల్లికి జ్వరమని తెలిసి ఇంటికి వచ్చాడు. ఒక మధ్యాహ్నం ఉస్తానీ మా అరుగు మీద కూర్చొని మంచినీళ్లు తాగుతుంటే జీపు వచ్చి ఆగింది. మామూలు బట్టల్లో ఉన్న ఇద్దరు దిగి, చెరో రెక్క పట్టుకొని ఎక్కించుకుపోయారు. లోపల పిల్లల సబక్ వింటున్న ఉస్తానీ మా కిటికీలోంచి చూసింది. వీధిలో ఇంకా చాలామంది చూసే ఉంటారు. అడిగితే ఒక్కరూ చూడలేదన్నారు. తర్వాత పేపర్లో వచ్చింది: బీర్పూర్ అవతలి గుట్టల్లో ఎదురుకాల్పులు, గుర్తు తెలియని తీవ్రవాది మృతి. పక్కనున్న ఫోటో చూసి లచ్చవ్వ నేల మీద పడిపోయింది.

చావు మీద విచారణ పెట్టారు. తెలిసినవాళ్లు జగిత్యాలకు వచ్చి చెప్పవచ్చన్నారు. లచ్చవ్వ ఇల్లిల్లూ తిరిగింది. సొంత మరిది కూడా తలుపు తీయలేదు. ఉస్తానీ మా దగ్గరికి మాత్రం పోలేదు, పరదా మనిషి ఎట్లా వస్తుందని. ఉస్తానీ మానే గోడ మీదుగా పిలిచింది.

"లచ్చవ్వా, నేనత్త. నేను సూసిన."

ఆ మాట మసీదు కమిటీకి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. కమిటీ సదర్, అంటే పెద్ద, స్వయంగా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆమె తెర లోపల, నేను ఆమె పక్కన. నేనప్పుడు ఇంటర్ చదువుతూ, చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించడంలో ఆమెకు సాయం చేసేదాన్ని.

"గీ గొడవ మనకెందుకు బేటీ?" అన్నాడాయన. "మన పోరగాండ్లున్నరు. రేపు మన మీదికస్తది. గాళ్ల పంచాది గాళ్లు సూసుకుంటరు."

"గాళ్లంటె ఎవలు సదర్ సాబ్? పిలగాడు నా అరుగు మీద కూసున్నడు. నా గిలాసల నీళ్లు తాగుతున్నడు."

"అల్లాకు అన్నీ ఎరుకే. ఆయననే సూసుకుంటడు."

"ఆయనకు ఎరుకే. ఆఫీసరుకు ఎరుక లేదు గదా. నువ్వు సూసినవు, ఎందుకు చెప్పలేదని రేపు ఆయన నన్ను అడుగుతడు. గప్పుడు మీరచ్చి నా పక్కన నిలవడ్తరా?"

ఆయన లేచాడు. "పోతే గీ బడి ఉండదు మల్ల" అని చెప్పి పోయాడు. ఆ శుక్రవారం మసీదులో సత్యం గురించే ఉపన్యాసం చెప్పించారని మా నాన్న ఇంటికొచ్చి నవ్వలేక నవ్వాడు.

మేము ముగ్గురం బస్సెక్కాం. లచ్చవ్వ, నల్ల బురఖాలో ఉస్తానీ మా, నేను. ఆమెకు ఉర్దూ తప్ప చదవరాదు. అక్కడ రాసేది తెలుగులో కాబట్టి నన్ను వెంట తీసుకుంది. ఆఫీసు వరండాలో పిలుపు కోసం కూర్చున్నప్పుడు లచ్చవ్వ ఉన్నట్టుండి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, నీ కాల్మొక్త. కొట్టిండ్రని చెప్పు. నెత్తురు కారంగ ఈడ్సుకపోయిండ్రని చెప్పు. గట్ల చెప్తెనే నమ్ముతరు."

"కొట్టంగ నేను సూడలే లచ్చవ్వా."

"శవం మీద దెబ్బలు నేను సూసిన గదనే! అబద్ధమా?"

"అబద్ధం గాదు. నువ్వు సూసింది నువ్వు చెప్పు. నేను సూసింది నేను చెప్త."

"నీ కొడుకైతే గిట్లనే అంటువా?"

ఉస్తానీ మా ఏడుస్తోంది. ముఖం కనబడదు గానీ బురఖా ముందు భాగమంతా తడిసింది. అంతలో పిలిచారు.

ఆఫీసరు మంచివాడో చెడ్డవాడో చెప్పలేను. అలసిపోయి ఉన్నాడు. "మీరు పరదాలో ఉంటారు కదమ్మా, ఎట్లా చూశారు?" అన్నాడు.

"పరదా మొఖానికి సార్. కండ్లకు గాదు."

"అతను నక్సలైటని మీకు తెలుసా?"

"తెల్వదు. గాదని గూడ తెల్వదు. లచ్చవ్వ కొడుకు రాజేశమని తెల్సు. నా అరుగు మీద నీళ్లు తాగుతుంటె చెరో రెక్క వట్టి జీపుల ఏసుకపోయిండ్రు. పానంతోటి పోయిండు. గుట్టల్లకు ఎట్ల పోయిండో గా తీస్కపోయినోళ్లనడుగుండ్రి."

"మీరు చూస్తుండగా కొట్టారా?"

తలుపు తెరిచే ఉంది. లచ్చవ్వ దాని పక్కనే నిలబడి ఉంది. ఉస్తానీ మా చెయ్యి నా చేతిలో ఉంది.

"నా ముంగట కొట్టలే."

రాసుకున్న గుమాస్తా కాగితం ముందుకు జరిపాడు. నేను చదివి వినిపించాను. 'తనంతట తానే జీపు ఎక్కినాడు' అని ఉంది.

"గట్ల నేననలే. రెక్కలు వట్టి ఎక్కించిండ్రు అన్న."

"రెండూ ఒకటే కదమ్మా."

"ఒకటే అయితె నేనన్నదే రాయుండ్రి."

ఆఫీసరు తల ఊపాడు. గుమాస్తా విసుక్కుంటూ కొట్టేసి మళ్లీ రాశాడు. ఆమె కుడి నుంచి ఎడమకు తన పేరు రాసింది.

కొన్ని నెలలకు తేల్చారు, ఎదురుకాల్పులేనని. అతణ్ని కొట్టలేదని కళ్లారా చూసిన మనిషే చెప్పిందని పేపర్లో ఒక వాక్యం పడింది. రెక్కలు పట్టి జీపులో వేసుకుపోయారన్న మాట ఎక్కడా లేదు. ఆమె చెప్పిన నిజంలోంచి తమకు పనికొచ్చే ముక్క కోసుకొని, మిగిలింది పారేశారు.

పేపర్లో అది వచ్చిన సాయంత్రం లచ్చవ్వ గోడ దగ్గరికి వచ్చి అంది: "నా కొడుకును గాళ్లొకసారి సంపిండ్రు. నువ్వొకసారి సంపినవ్." అరుగు మీదున్న తన చేట తీసుకొని లోపలికి పోయింది. మళ్లీ ఆ అరుగు ఎక్కలేదు.

నేనూ ఉస్తానీ మాతో కొట్లాడాను. ఒక్క మాట కలిపితే ఏం పోయేది, వాళ్లు అన్ని అబద్ధాలాడుతుంటే మీ ఒక్క నిజం ఎవరికి పనికొచ్చింది అని అరిచాను.

"నాకు గూడ లోపట అగ్గే ఉన్నది బిడ్డా" అంది. "గా మాట నాలుక మీదిదాక అచ్చింది. తిండి మానుడు రోజా గాదు. గసొంటప్పుడు నాలుకను వట్టుకునుడు రోజా."

"మరి లచ్చవ్వ?"

"తిట్టుడు లచ్చవ్వ హక్కు. వడుడు నా వంతు."

ఈ జవాబుతో నేను పూర్తిగా సమాధానపడలేదు, ఇవ్వాళ్టికీ పడను. కానీ ఆమె ఆరోజు జగిత్యాలలో పడ్డ నరకం పక్కనే నిలబడి చూశాను. ధర్మం గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే ఒళ్లు మండడం నాకు అప్పటి నుంచే.

కమిటీ అన్నంత పనీ చేసింది. ఆడపిల్లల్ని ఆమె దగ్గరికి పంపవద్దని ఇంటింటికీ చెప్పారు. పెద్దిళ్ల పిల్లలు మానేశారు. పోవడానికి ఇంకో చోటు లేని పిల్లలు మిగిలారు. ఆమె వాళ్లకే చెప్పుకుంటూ, చూపు మందగించి కత్తెర పట్టలేకపోయేదాకా బీడీలు చేసుకుంటూ బతికింది. మొన్న మైకు పట్టుకొని ఆమె గడప దాటలేదన్నది ఆనాడు అరుగు మీద కూర్చొని వద్దన్న పెద్దమనిషి కొడుకే. అతనికి తెలియక కాదు. దాటిందని ఒప్పుకుంటే, ఎందుకు దాటిందో చెప్పాలి. దాటినందుకు వీళ్లేం చేశారో చెప్పాలి. అంతకంటే పాలరాయి చవక.

ఆమె పోయిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆడవాళ్లం స్నానం చేయించి, తెల్లబట్ట చుట్టి పెట్టాం. జనాజా, అంటే పాడె, లేపుదామని బయట మగవాళ్లు తొందరపెడుతున్నారు. అప్పుడు గుమ్మం దగ్గర గొడవ వినబడింది. చూద్దును గదా, లచ్చవ్వ. నడుం వంగిపోయింది, చేతిలో కర్ర. కొత్త బడి నుంచి వచ్చిన ఒక కుర్ర ఉస్తాదు అడ్డంగా నిలబడ్డాడు.

"గైర్ వాళ్లకు మొఖం చూపెట్టొద్దమ్మా, మీరు పక్కకు జరుగుండ్రి" అంటున్నాడు. గైర్ అంటే పరాయివాళ్లు.

"ఏ కితాబుల ఉన్నది? తెచ్చి చూపెట్టు" అన్నాను. "ఆడమనిషి ఆడమనిషిని చూస్తె ఎక్కడ వద్దన్నరో వేలు పెట్టి చూపెట్టు. అప్పటిదాక జనాజా లేవది."

అతను తప్పుకున్నాడు. లచ్చవ్వ లోపలికొచ్చి తలాపున కూర్చుంది. నేను ముఖం మీది బట్ట తీశాను. లచ్చవ్వ ఏడవలేదు. నాతో కాదు, ఆమెతోనే మాట్లాడింది.

"నేను మాఫ్ చెయ్యలేదక్కా. ఇప్పుడు గూడ చెయ్య. నువ్వు గా మాట అనకపోతివి, నేను నీతోటి మాట్లాడకపోతి. కని గంత మంది మొగోళ్లుండంగ గా ఆఫీసుల నా కొడుకును పేరు వెట్టి పిలిచింది నువ్వొక్కదానివే. గాళ్ల పేపర్ల పేరు గూడ లేకుండె వానికి."

జనాజా లేచింది. మా ఆడవాళ్లం గుమ్మం దగ్గరే ఆగిపోయాం, మా వాడుక అంతే. లచ్చవ్వ ఆగలేదు. కర్ర తాటించుకుంటూ మగవాళ్ల వెనక నడవడం మొదలుపెట్టింది. ఒక పెద్దమనిషి వెనక్కి తిరిగి, "అమ్మా, ఆడోళ్లు రావద్దు" అన్నాడు.

"నువ్వు నడువయ్యా ముందుకు" అంది లచ్చవ్వ. "గామె నా యెంట జగిత్యాల దాక అచ్చింది. నేను గా వాడ మూల దాక పోకుంటె ఎట్ల?"